తిమింగల మండలంలో ఆరు వెలుగు గీతలు

మార్గశిర మాసంలో రాత్రి తొమ్మిది గంటల వేళ ఆరుబయట నిలబడి తల పైకెత్తి చూస్తే, మేషరాశికి దక్షిణంగా, అంతగా వెలుగులేని నక్షత్రాలతో విశాలంగా పరచుకొన్న ఒక మండలం కనబడుతుంది. గ్రీకుల కథలలో ఇది ఒక సముద్ర జంతువు. మనం దీనిని తిమింగల మండలం అంటున్నాము. ఇందులో డెల్టా అని పిలిచే ఒక సామాన్య నక్షత్రం ఉన్నది. దానికి సుమారు ఒక డిగ్రీ దూరంలో, ఇంచుమించు సరిగా ఖగోళ మధ్యరేఖ మీదనే, ఒక మసక చుక్క ఉన్నది. ఉత్త కంటికి అది అందదు. ఊరి దీపాలకు దూరంగా పోయి, కళాశాలలలో ఉండే చిన్న దూరదర్శినితో వెదికితే, ఊది ఆర్పిన దీపపు పొగవలె పలుచని మరకగా కనబడుతుంది. హైదరాబాదు నుంచి చూచేవారికి అది నడినెత్తికి 17 డిగ్రీల దూరంలోకి వస్తుంది. అందుచేత దీనిని చూడడానికి మనకు స్థానబలం బాగానే ఉన్నదని చెప్పవచ్చును.

ఆ మరక పేరు మెసియే పట్టికలో ఎమ్ 77, కొత్త పట్టికలో ఎన్.జి.సి. 1068. మన పాలపుంతవంటి మరొక గెలాక్సీ అది. దాని దూరం సుమారు 4.7 కోట్ల కాంతి సంవత్సరాలు. కొన్ని కొలతల ప్రకారం ఇంకా తక్కువ ఉండవచ్చును. ఆకారంలో సర్పిలం, నడుమ ఒక దండం కూడ ఉన్నదని తరువాత తేలినది. ఇంతవరకు విశేషమేమీ లేదు. విశేషమంతా దాని కేంద్రకంలో ఉన్నది. సౌరమండలానికి, దగ్గరి నక్షత్రానికి మధ్య ఉన్న దూరంకంటె చిన్నదైన ఒక చోటు నుంచి, పది వేల కోట్ల సూర్యుల స్థాయిలో శక్తి వెలువడుతున్నది. ఇట్టి వాటిని క్రియాశీల కేంద్రకాలు గల గెలాక్సీలని అంటారు.

‘ఈ జాతి గెలాక్సీలను 1943లో కార్ల్ సైఫర్ట్ కనుగొన్నాడు’ అని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పి ముగిస్తున్నవి. పరీక్షకు ఆ వాక్యం చాలును. కాని సంగతి 1908లోనే ఒక ఫొటో పలక మీద రాసి ఉన్నది. దానిని చదువుకోవడానికి ముప్పాతిక శతాబ్దానికి పైగా పట్టినది. అక్షరాలు కనబడుతున్నా భాష రాకపోతే చదవడం ఎట్లా? ఆ భాష తునకలు తునకలుగా, ఒక్కొక్కటి ఒక్కొక్క చోటు నుంచి, చాలమటుకు ఈ గెలాక్సీతో సంబంధమే లేని పనుల నుంచి వచ్చినది. ఆ కథ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట దీనిని చూచినవాడు ఫ్రెంచి ఖగోళజ్ఞుడు పియెర్ మెషెన్. తేదీ 1780 అక్టోబరు 29. మీటరు పొడవును నిర్ణయించడానికి తరువాత డన్‌కిర్క్ నుంచి బార్సిలోనా వరకు భూమిని కొలిచిన ఇద్దరిలో ఈయన ఒకడు. ఉపాధ్యాయులకు ఆ విధంగా పరిచితుడే. ఆయన చెప్పగా మిత్రుడు షార్ల్ మెసియే ఆ డిసెంబరులో దీనిని చూచి తన పట్టికలో 77వ దానిగా చేర్చుకొన్నాడు. అది చిన్న నక్షత్రాల గుంపు అని, దానితో కొంత మసక కూడ ఉన్నదని ఆయన భావించాడు. మెసియేకు అసలు ఆసక్తి తోకచుక్కల మీద. తోకచుక్కలని పొరబడడానికి వీలున్న మరకలన్నిటిని జాబితా వేసి పక్కకు పెట్టడమే ఆ పట్టిక ప్రయోజనం. తరువాత ఐర్లండులో లార్డ్ రాస్ తన 72 అంగుళాల దర్పణంతో కొన్ని నీహారికలలో సుడులు తిరిగిన ఆకారాన్ని చూచినాడు. 19వ శతాబ్దం మధ్యకల్లా ఆ సర్పిలాల వరుసలో మన 77 కూడ చేరినది. 1888లో డ్రేయర్ ప్రకటించిన కొత్త పట్టికలో దానికి 1068 అనే సంఖ్య వచ్చినది. వంద సంవత్సరాలలో పేరు, సంఖ్య, ఆకారం వచ్చినవి. అది ఏమిటన్నది మాత్రం రాలేదు.

అది ఏమిటో చెప్పగలిగే సాధనం వర్ణపటం. విద్యార్థులకు తెలిసినదే అయినా ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది. నక్షత్రాల కాంతిని పట్టకం గుండా పంపితే, ఎరుపు నుంచి ఊదా వరకు అఖండంగా ఉన్న రంగుల పట్టీ మీద అక్కడక్కడ నల్ల గీతలు పడతాయి. ఇవి శోషణ రేఖలు. పలుచని వాయువు వేడెక్కి వెలిగినప్పుడు పట్టీ ఉండదు. చీకటి మీద కొన్ని వెలుగు గీతలు మాత్రమే కనబడతాయి. ఇవి ఉద్గార రేఖలు. 1864లో ఇంగ్లండులో విలియం హగిన్స్ ఒక గ్రహ నీహారిక కాంతిని ఈ విధంగా పరీక్షించి, వెలుగు గీతలు చూచి, అది నక్షత్రాల గుంపు కాదు, వాయువేనని తేల్చినాడు. అయితే సర్పిలాకార నీహారికల సంగతేమిటి? అవి మనకు దగ్గరలో సుడి తిరుగుతున్న వాయు మేఘాలా? లేక బహుదూరాన ఉన్న నక్షత్రాల రాశులా? 20వ శతాబ్దం ఆరంభంలో ఇదే పెద్ద వివాదం.

కాలిఫోర్నియాలో హామిల్టన్ పర్వతం మీద లిక్ వేధశాల ఉన్నది. అక్కడ ఎడ్వర్డ్ ఫాత్ అనే పరిశోధక విద్యార్థి ఈ ప్రశ్నను చేపట్టినాడు. క్రాస్లీ దూరదర్శిని దర్పణం 36 అంగుళాలు. దానికి తగిన వర్ణపటలేఖిని తానే అమర్చుకొన్నాడు. నీహారిక కాంతి చాల బలహీనం. ఆనాటి ఫొటో పలక మీద దాని ముద్ర పడవలెనంటే గంటల తరబడి దూరదర్శినిని నీహారిక వెంట కదలకుండ నడపవలసి ఉండేది. ఒక రాత్రి చాలకపోతే పలకను చీకటిలో భద్రపరచి మరునాటి రాత్రి మళ్ళీ అక్కడ నుంచే మొదలు పెట్టవలె. ఈ పనిలోని ఓపికను విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే తుది ఫలితంలో అది కనబడదు.

ఫాత్ పరీక్షించిన సర్పిలాలలో ఎక్కువ భాగం సూర్యుని వంటి నక్షత్రాలలో కనిపించే నల్ల గీతలనే చూపినవి. అంటే అవి నక్షత్రాల రాశులే కావలెను. ఇది గొప్ప ఫలితమే. కాని ఆ నిర్ణయం వాటి దూరం మీద ఆధారపడి ఉన్నదని ఆయన గ్రహించినాడు. అప్పటికి ఒక ఏడాది ముందే, 1907లో, కార్ల్ బోలిన్ ఆండ్రోమిడా నీహారిక దూరం సుమారు 19 కాంతి సంవత్సరాలని ప్రకటించి ఉన్నాడు. అది పూర్తిగా తప్పుడు కొలత. కాని అప్పుడు దానిని తోసిపుచ్చగల మరొక కొలత లేదు. 19 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నదానిలో నక్షత్రాలు విడివిడిగా కనబడకపోవడం ఎట్లా సాధ్యం? చేతిలోని సరైన సాక్ష్యాన్ని పక్కనున్న తప్పు కొలత బలహీనపరచినది.

తక్కిన సర్పిలాలకు భిన్నంగా వచ్చినది ఎన్.జి.సి. 1068. దాని పలక మీద నల్ల గీతలతో పాటు ఆరు వెలుగు గీతలు కూడ ఉన్నవి. నక్షత్రాల లక్షణం, వాయువు లక్షణం ఒకేచోట! ఫాత్ ఆ ఆరింటిని కొలిచి, అవి వాయు నీహారికలలో కనబడే గీతలేనని గుర్తించి, 1909లో లిక్ వేధశాల పత్రికలో ప్రకటించినాడు. అంతకంటె ఎక్కువ చెప్పలేదు. చెప్పకపోవడం ఆయన లోపమని కొందరు అనుకోవచ్చును. నాకు అట్లా తోచదు. ఆ ఆరింటిలో ప్రకాశవంతమైన రెండు, అనగా 4959, 5007 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉన్నవి, ఏ మూలకానివో అప్పుడు ప్రపంచంలో ఎవరికీ తెలియదు. భూమి మీద ఏ ప్రయోగశాలలోను అవి కనబడలేదు. అందుచేత నీహారికలలో మాత్రమే ఉండే ఒక మూలకాన్ని ఊహించి ‘నెబ్యూలియం’ అని పేరు పెట్టుకొని కాలం గడుపుతున్నారు. అక్షరమే తెలియనప్పుడు అర్థం చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

ఆ అక్షరాన్ని గుర్తించినవాడు ఇరా బోవెన్. అది 1927లో. ఆయన పరమాణు వర్ణపటాల మీద పని చేస్తున్న భౌతికశాస్త్రజ్ఞుడు. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకొన్న ఆక్సిజన్ పరమాణువే ఈ కాంతిని వెలువరిస్తుందని ఆయన చూపినాడు. ప్రయోగశాలలో అది కనబడకపోవడానికి కారణం వాయు సాంద్రత. పరమాణువు ఈ కాంతిని విడుదల చేయడానికి క్షణాల తరబడి తీరికగా ఉండవలె. ఇక్కడ మనం చేయగల శూన్యంలో కూడ, ఆ లోపలే మరొక కణం వచ్చి ఢీకొని ఆ శక్తిని తీసుకొనిపోతుంది. నీహారికలలో వాయువు ఎంత పలుచనిదంటే, ఢీకొనేవి రావడానికి ఆలస్యమవుతుంది. ఇట్టివాటికి నిషిద్ధ రేఖలని పేరు. దీనితో ఈ గీతలు సాంద్రతను కొలిచే సాధనాలైనవి. ఇది ముందు ముందు బాగా పనికి వచ్చినది.

ఈలోగా మరొక వైపు పని జరుగుతున్నది. అరిజోనాలోని లోవెల్ వేధశాలలో వెస్టో స్లైఫర్ 24 అంగుళాల దూరదర్శినితో సర్పిలాల వేగాలను కొలుస్తున్నాడు. ఎన్.జి.సి. 1068 మననుంచి సెకనుకు సుమారు 1100 కి.మీ. వేగంతో దూరమవుతున్నదని ఆయన కనుగొన్నాడు. ఆనాటికి తెలిసిన ఏ నక్షత్రానికీ అంత వేగం లేదు. 1917 నాటికి ఇంకా మంచి వర్ణపటం తీసి ఒక వింత గమనించాడు. వెలుగు గీతలు గీతలవలె లేవు. చిన్న చిన్న బిళ్ళలవలె అడ్డంగా వెడల్పయి ఉన్నవి. ఫాత్ పలకలో లేని సంగతి ఇది. స్లైఫర్ దానిని రాసిపెట్టి, ఇది మామూలు వేగాల వలన కలిగేది కాదని భావించి, తన వేగాల పనిలోకి వెళ్ళిపోయినాడు. ఆ వేగాల పనియే తరువాత విశ్వవ్యాకోచానికి దారి తీసినది. కనుక ఆయన కాలం వృథా చేశాడని ఎవరూ అనలేరు.

1925 జనవరి 1న హబుల్ పరిశీలనలు ప్రకటితమైనవి. ఆండ్రోమిడా మన పాలపుంతకు ఎంతో వెలుపల ఉన్న గెలాక్సీ అని రుజువైనది. వివాదం తీరింది. 1926లో గెలాక్సీలను వర్గీకరించిన వ్యాసంలో ఆయన 1068తో పాటు 4051, 4151 సంఖ్యలు గల రెండింటిని కూడ పేర్కొని, వీటి కేంద్రకాల వర్ణపటాలు గ్రహ నీహారికలవలె ఉన్నవని ఒక మాట చెప్పినాడు. మూడు ఉదాహరణలు కలిసినవి గాని, ఇంకా అది ఒక జాతి కాలేదు.

జాతిగా చూచినవాడు కార్ల్ సైఫర్ట్. ఈయన అమెరికాలో క్లీవ్‌లండ్ నగరంలో 1911లో జన్మించినాడు. హార్వర్డ్‌లో 1936లో డాక్టరేటు పొంది, 1940 నుంచి 1942 వరకు మౌంట్ విల్సన్ వేధశాలలో పరిశోధక సభ్యుడుగా ఉన్నాడు. అక్కడి 60, 100 అంగుళాల దూరదర్శినులతో ఇట్టి కేంద్రకాలను ఏరి ఏరి పరీక్షించినాడు. 1943 జనవరిలో వెలువడిన ఆయన వ్యాసంలో 12 గెలాక్సీల ప్రస్తావన ఉన్నది. అందులో ఆరింటి వర్ణపటాలను వివరంగా కొలిచినాడు. ఆ ఆరింటిలో మొదటిది మన 1068. ఈ గెలాక్సీలన్నిటికి సామాన్య లక్షణాలు ఏవో ఆయన విడదీసి చూపినాడు. కేంద్రకం చాల చిన్నది, నక్షత్రం వలె చుక్కగా కనబడేంత. అయినా గెలాక్సీ మొత్తం కాంతిలో గణనీయమైన భాగం అక్కడ నుంచే వస్తున్నది. ఉద్గార రేఖలు బలంగాను, అసాధారణమైన వెడల్పుతోను ఉన్నవి.

ఆ వెడల్పు అర్థమేమిటో విద్యార్థులు స్వయంగా లెక్క వేసి చూడవచ్చును. వాయువులో కొంత మనవైపు వస్తూ, కొంత అవతలికి పోతూ ఉంటే, డాప్లర్ సూత్రం వలన ఒక్కొక్క భాగం గీత ఒక్కొక్క చోట పడి మొత్తం గీత వెడల్పవుతుంది. గీత వెడల్పును తరంగ దైర్ఘ్యంతో భాగిస్తే వచ్చేది వేగాల తేడాకు, కాంతి వేగానికి గల నిష్పత్తి. 1068లో వేగాల తేడా సెకనుకు సుమారు 3600 కి.మీ. అని సైఫర్ట్ కొలిచినాడు. కాంతి వేగం 3 లక్షల కి.మీ. కనుక 5007 ఆంగ్‌స్ట్రామ్‌ల గీత 60 ఆంగ్‌స్ట్రామ్‌ల వెడల్పుకు సాగవలె. ఓరియన్ నీహారికలో ఇదే గీత ఒక ఆంగ్‌స్ట్రామ్ వెడల్పు కూడ ఉండదు. మరి కొన్ని గెలాక్సీలలో హైడ్రోజన్ గీతలు 8500 కి.మీ. వరకు పోయినవి. వేడి వలన పరమాణువులు ఇంత వేగం పొందినవేమో అందామా? అప్పుడు వాయువు ఉష్ణోగ్రత పది కోట్ల డిగ్రీలకు పైగా ఉండవలె. ఆ వేడిలో హైడ్రోజన్ పరమాణువు పరమాణువుగా మిగలదు. ఆ గీతే ఉండదు. కనుక వాయు మేఘాలకు మేఘాలే ఈ వేగంతో పరుగెత్తుతున్నవి. ఏది వాటిని పరుగెత్తిస్తున్నది? సైఫర్ట్ వ్యాసం ఆ ప్రశ్నను లోకం ముందు పెట్టినది.

లోకం అప్పుడు యుద్ధంలో ఉన్నది. సైఫర్ట్ క్లీవ్‌లండ్‌కు తిరిగి వెళ్ళి సైనికులకు నౌకాయాన గణితం బోధించడంలోను, రహస్య పరిశోధనలలోను మునిగిపోయినాడు. 1946లో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరినాడు. అక్కడ చెప్పుకోదగిన దూరదర్శిని లేదు. ఊరిలోని వ్యాపారులను, పెద్దలను కలుసుకొని, సహాయాలు కూడగట్టి, 1953కల్లా డయర్ వేధశాలను నిలబెట్టినాడు. ఆ శ్రమలో తాను 1943లో తెరిచిన దారిలో మళ్ళీ దూరం పోలేదు. ఇతరులూ ఆ వైపు రాలేదు. పన్నెండు సంవత్సరాలపాటు ఆ వ్యాసం ఇంచుమించు అట్లాగే పడి ఉన్నది.

దానికి ప్రాణం పోసినది దూరదర్శిని కాదు, రేడియో. 1955లో ఎన్.జి.సి. 1068, దానితో పాటు సైఫర్ట్ జాబితాలోనిదే అయిన 1275, రేడియో తరంగాలను బలంగా పంపుతున్నవని గుర్తించినారు. కేంబ్రిడ్జి వారి మూడవ రేడియో పట్టికలో 1068 సంఖ్య 71. దీనితో పాత వ్యాసాన్ని మళ్ళీ తెరిచినారు. 1959లో లోడెవేక్ వోల్టియర్ దానిలోని సంఖ్యల నుంచి రెండు చిక్కు ఫలితాలు రాబట్టినాడు. కేంద్రకం నక్షత్రం వలె చుక్కగా కనబడుతున్నది కనుక దాని వ్యాసార్ధం వంద పార్సెక్కుల లోపలే ఉండవలె. వేల కిలోమీటర్ల వేగంతో పోయే వాయువు అంత చిన్న చోట చెదరిపోకుండ నిలిచి ఉండవలెనంటే, దానిని పట్టి ఉంచడానికి కోట్ల సూర్యుల బరువు అక్కడ ఉండవలె. అదే సంవత్సరం మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, ప్రెండర్‌గాస్ట్ కలిసి 1068లోని వాయువు కదలికలనే ప్రత్యేకంగా పరిశోధించి ప్రకటించినారు.

ఆ 1959లోనే ఫాత్ కన్నుమూసినాడు. కార్ల్‌టన్ కళాశాలలో ఎన్నో ఏళ్ళు బోధించి, పేరుపొందిన ఖగోళ పాఠ్యపుస్తకం రాసిన ఉపాధ్యాయుడాయన. మరుసటి సంవత్సరం, 1960 జూన్ 13న, సైఫర్ట్ కారు ప్రమాదంలో మరణించినాడు. వయస్సు 49. ఇంకో మూడు సంవత్సరాలు ఉంటే, 1963లో మార్టెన్ ష్మిట్ 3సి 273 అనే క్వాసార్ రహస్యాన్ని విప్పినప్పుడు, చూచి ఉండేవాడు. క్వాసార్‌లు మనకు బహుదూరాన ఉన్న అతి ప్రకాశవంతమైన కేంద్రకాలు. సైఫర్ట్ గెలాక్సీలు దగ్గరలో ఉన్న వాటి చిన్న సోదరులు. ఆయన పేరు ఒక జాతికి పేరుగా స్థిరపడినది ఆ తరువాతనే.

ఇంత శక్తికి మూలమేమిటి? 1964లో అమెరికాలో సాల్‌పీటర్, సోవియట్ దేశంలో జెల్డోవిచ్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండ, ఒకే సమాధానం సూచించినారు. 1969లో ఇంగ్లండులో లిండెన్-బెల్ దానిని గెలాక్సీల కేంద్రకాలకు విస్తరింపజేసినాడు. కేంద్రంలో ఒక మహా కృష్ణబిలం. దానిలోనికి పడబోయే వాయువు సుడి తిరుగుతూ, రాపిడితో వేడెక్కి వెలుగుతుంది. హైడ్రోజన్ సంలీనంలో ద్రవ్యరాశిలో నూటికి 0.7 వంతు మాత్రమే శక్తిగా మారుతుంది. ఈ సుడిలో ఇంచుమించు పదో వంతు మారగలదు. ఆ లెక్కన 1068 కేంద్రకం అంత వెలుగు ఇవ్వడానికి ఏడాదికి సూర్యునిలో పదో వంతుకు అటూ ఇటూగా వాయువు చాలును. భోజనం స్వల్పం, కాంతి అపారం!

అయితే ఈ సిద్ధాంతానికి మన 1068 నుంచే ఒక అడ్డు వచ్చినది. 1974లో ఖాచికియన్, వీడ్‌మన్ అనే ఇద్దరు సైఫర్ట్ గెలాక్సీలను రెండు రకాలుగా విడదీసినారు. మొదటి రకంలో హైడ్రోజన్ గీతలు మిక్కిలి వెడల్పు; నిషిద్ధ రేఖలు వాటికంటె సన్నం. వెడల్పు గీతలు పుట్టే చోట వాయువు దట్టంగా ఉండి, నిషిద్ధ రేఖలను పుట్టనీయడం లేదన్నమాట. బోవెన్ నేర్పిన అక్షరం ఇక్కడ అక్కరకు వచ్చినది. రెండవ రకంలో ఆ మిక్కిలి వెడల్పైన గీతలే లేవు. అన్నీ ఒకే తీరుగా ఉన్నవి. మొదట దొరికిన 1068 ఈ రెండవ రకానికే చెందినది. అంటే దీని నడుమ ఆ దట్టమైన, వేగమైన వాయువు లేనే లేదా? ఈ రెండు రకాల కేంద్రకాలలో యంత్రాలే వేరా?

సమాధానం 1985లో వచ్చినది. వచ్చిన చోటు ఫాత్ పలక తీసిన హామిల్టన్ పర్వతమే. లిక్ వేధశాలలో 3 మీటర్ల దూరదర్శినితో ఆంటొనూచి, మిల్లర్ 1068 కాంతిలోని ధ్రువణాన్ని కొలిచినారు. గోడ చాటున దీపం ఉన్నదనుకొందాం. దీపం మనకు కనబడదు. కాని గోడ పైనున్న పొగమంచు మీద దాని వెలుగు పడి, అక్కడ నుంచి చెదరి మన కంటికి చేరుతుంది. చెదరిన కాంతికి ధ్రువణం ఉంటుంది. నేరుగా వచ్చే నక్షత్ర కాంతికి అది ఉండదు. ధ్రువణం గల కాంతిని మాత్రమే వడగట్టి వర్ణపటం తీస్తే, ఇంతకాలం లేవనుకొన్న వెడల్పు గీతలు, వేల కిలోమీటర్ల వేగంతో సహా, అందులో ప్రత్యక్షమైనవి! 1068 కేంద్రకం మొదటి రకమే. దాని చుట్టూ దుమ్ము, వాయువు కలిసి, తూటు పెట్టిన గారె ఆకారంలో, ఒక దట్టమైన వలయం ఉన్నది. మనం దానిని అంచు వైపు నుంచి చూస్తున్నాము గనుక నడిమి దీపం కనబడడం లేదు. తూటు గుండా పైకి పోయిన వెలుగు, అక్కడి ఎలక్ట్రాన్ల మీద చెదరి మనకు వస్తున్నది. చూచే కోణం మారితే రకం మారుతుంది. ఈ శాస్త్రంలో ఇంత పొదుపుగా ఇంత పెద్ద ప్రశ్నను తీర్చిన కొలతలు నా దృష్టిలో చాల కొద్ది.

దండం సంగతి ఇప్పుడు చెప్పవలె. సర్పిల గెలాక్సీలు కొన్నిటిలో బాహువులు కేంద్రం నుంచి కాక, కేంద్రం గుండా పోయే ఒక నిడుపాటి నక్షత్రాల కట్ట చివరల నుంచి మొదలవుతవి. వీటిని దండ సర్పిలాలంటారు. మన పాలపుంత కూడ ఇట్టిదే. మామూలు ఫొటోలలో 1068లో దండం కనబడదు. అందుచేత పాత వర్గీకరణలో అది దండం లేని జాతిలో ఉన్నది. 1988లో స్కోవిల్, ఆయన సహచరులు 2.2 మైక్రాన్ల పరారుణ కాంతిలో చూచినారు. దుమ్ము ఈ కాంతిని అంతగా ఆపదు. అప్పుడు కేంద్రానికి ఇరువైపులా కొన్ని వేల కాంతి సంవత్సరాలు సాగిన దండం బయటపడినది. దండం తిరుగుతూ ఉంటే దాని ఆకర్షణ వాయువు భ్రమణ వేగాన్ని హరించి, దానిని లోపలికి జారుస్తుంది. 1068లో అట్లా జారిన వాయువు దండం చివరల దగ్గర పోగుపడి కొత్త నక్షత్రాలను జోరుగా పుట్టిస్తున్నది. అయితే దండం ఉన్న గెలాక్సీలన్నిటికి ఇట్టి కేంద్రకం లేదు. కనుక దండం వాయువును ఊరి పొలిమేర వరకు తెచ్చే బండి మాత్రమే. అక్కడ నుంచి ఇంటిలోనికి చేర్చేది మరొకటి.

ఇంటి యజమాని బరువు 1996లో తేలినది. కేంద్రకం చుట్టూ ఉన్న నీటి ఆవిరి, లేసర్ వంటి ప్రక్రియతో, రేడియో తరంగాలను వెదజల్లుతున్నది. ఖండాంతరాలలో ఉన్న రేడియో దూరదర్శినులను జోడించి ఆ ఆవిరి కదలికను కొలిచినారు. కేంద్రానికి సుమారు 2 కాంతి సంవత్సరాల దూరంలో, అనగా 2 × 10¹⁶ మీటర్ల దగ్గర, వేగం సెకనుకు 300 కి.మీ. చిల్లర. వేగ వర్గాన్ని దూరంతో గుణించి గురుత్వ స్థిరాంకంతో భాగిస్తే 2.7 × 10³⁷ కిలోగ్రాములు వస్తుంది. సూర్యుని ద్రవ్యరాశి 2 × 10³⁰ కిలోగ్రాములు. అంటే సుమారు 1.4 కోట్ల సూర్యులు. తొమ్మిదవ తరగతి భౌతికశాస్త్రంతో వేయదగిన లెక్క ఇది. మన పాలపుంత నడుమ ఉన్న కృష్ణబిలం సుమారు 43 లక్షల సూర్యులు. ఆ లెక్కన 1068లోనిది మన దానికి మూడింతలకు కొంచెం ఎక్కువ, అంతే. మనది దాదాపు చల్లారి ఉన్నది. అది భగభగ మండుతున్నది. భేదం బరువులో లేదు, ఆహారంలో ఉన్నది.

ఆ గారెను నేరుగా చూడడం కూడ సాధ్యమైనది. చిలీలో నాలుగు పెద్ద దూరదర్శినులు కలిపి పనిచేసే ఏర్పాటు ఉన్నది. అందులో రెండింటిని జోడించి తీసిన కొలతలలో, కేంద్రకం చుట్టూ 800 డిగ్రీల కెల్విన్‌కు పైబడిన వేడి దుమ్ము, దానిని చుట్టి కొన్ని పార్సెక్కుల విస్తారంలో 320 డిగ్రీల దుమ్ము ఉన్నవని 2004లో ప్రకటించినారు.

కాంతి ఏ రూపంలో వచ్చినా దుమ్ముతో పేచీ తప్పదు. దుమ్మును లెక్క చేయనిది న్యూట్రినో. దక్షిణ ధ్రువం వద్ద ఐస్‌క్యూబ్ అనే పరిశోధన కేంద్రంలో, మంచులో 1450 నుంచి 2450 మీటర్ల లోతున, 5160 కాంతి గ్రాహకాలను దింపినారు. ఎప్పుడో ఒక న్యూట్రినో మంచులో ఢీకొంటే పుట్టే నీలి మెరుపును అవి పట్టుకొంటవి. మనకు నడినెత్తికి దగ్గరగా వచ్చే ఎన్.జి.సి. 1068, ఖగోళ మధ్యరేఖ మీద ఉన్నందున, ధ్రువం వారికి ఎప్పుడూ దిగంతం మీదనే తిరుగుతుంది. 2011 మే నుంచి 2020 మే వరకు కూడబెట్టిన లెక్కలో ఆ దిక్కు నుంచి మామూలుకంటె సుమారు 79 న్యూట్రినోలు ఎక్కువ వచ్చినట్లు 2022 నవంబరులో ప్రకటించినారు. ఇంత శక్తి గల న్యూట్రినోలు పుట్టే చోట అదే స్థాయి గామా కిరణాలు కూడ పుట్టవలె. కాని గామా దూరదర్శినులకు అవి కనబడలేదు. కనుక అవి పుట్టిన చోటు కృష్ణబిలానికి అతి సమీపాన, గామా కిరణం బయటపడలేనంత దట్టమైన ఎక్స్-కిరణాల నడుమ ఉండవలెనని పరిశోధకులు వాదిస్తున్నారు. యాదృచ్ఛికం కాదని చెప్పే కొలతలో వారి ఫలితం 4.2 ప్రమాణ విచలనాలు. భౌతికశాస్త్రంలో ఆవిష్కరణ అనడానికి 5 కావలెనని ఆచారం. అందుకే వారు తమ వ్యాసం శీర్షికలో ఆవిష్కరణ అనే మాట వాడలేదు. సాక్ష్యం అని మాత్రమే రాసినారు.